చిల్లర

అరాత్ కీలో మలుపులో
బండి ఆగీ ఆగకముందే దిగి పరుగెత్తుతాను.
వెనక బెలెటె హారన్ మీద చెయ్యి తీయడు.
ట్రాఫిక్ వాడు ఇటు తిరిగేలోగా రావాలి.

ఎతాగెన్ అక్కడే ఉంటుంది, మందుల షాపు మెట్టు పక్కన,
గోనె పరుచుకుని,
తెల్లటి నెతెలా తలమీదుగా కప్పుకుని.
కళ్ళు రెండూ చిన్నప్పుడే పోయాయట.
నేను అడగలేదు. ఎవరో అన్నారు.

పొద్దుటినుంచి పడిన బిర్ నాణేలు
పదేసి చొప్పున పేర్చుకుంటుంది ఒడిలో, గుడ్డ చాటున.
తొంభై అయిదు నాణేలిస్తుంది, వంద నోటు పుచ్చుకుంటుంది.
ఆ అయిదూ ఆమె లాభం.
నెలలో ఇరవయ్యొకటో తేదీ మరియమ్మ రోజు,
చర్చి గేటు దగ్గర చేతులన్నీ విచ్చుకుంటాయి,
ఆ సాయంత్రం మాత్రం తొంభై ఏడిస్తుంది.
బేరమాడితే నవ్వుతుంది:
"చిల్లర లేకుండా బండి నడుపుకో నాయనా, చూస్తాను."
చూస్తాను అంటుంది. ఆ మాటే అంటుంది.

నా సంచీలోంచి ప్రయాణికుడి జేబులోకి,
అక్కడినుంచి ఆమె గోనె మీదికి,
మళ్ళీ నా సంచీలోకి.
ఒక నాణెం నాకు గుర్తు,
సింహం చెవి పక్కన మేకుతో గీసిన గీత.
మూడుసార్లు కొన్నాను దాన్ని.

మా ఊళ్ళో అడుక్కునేవాళ్ళకి లేదు పొమ్మనరు.
"నా బదులు దేవుడిస్తాడు" అంటారు.
ఎంత మర్యాదైన తలుపో,
మూసినా చప్పుడు కాదు.

ఈ వానాకాలంలో ఎవరో నాకొక వంద నోటు అంటగట్టారు.
నడిమికి చిరిగింది, టేపు అంటించారు.
బంకువాడు తీసుకోలేదు.
కాఫీ కాచే జెన్నెత్ వేలితో కూడా తాకలేదు.
"నీ కూలీలో కోస్తా" అన్నాడు బెలెటె.
చూపులేని మనిషికి టేపేం తెలుస్తుందని
అనుకున్నాను, అని చెప్పడం తేలిక.
నిజానికి ఏమీ అనుకోలేదు.
చెయ్యే ముందు వెళ్ళింది.

ఎతాగెన్ బొటనవేలు నోటు మీద ఒకసారి నడిచి
మధ్యలో ఆగింది.
మళ్ళీ నడిచింది.
మడిచి రొమ్ములో దోపుకుని
రోజూ అనే మాటే అంది: "దేవుడు నీకు మేలు చెయ్యాలి."
వాన తగ్గలేదు. బండెక్కాను.

మూడు రోజులు ఆ మలుపులో దిగలేదు.
మెక్సికో దగ్గర కొన్నాను, వందకు తొంభై.
నష్టం కూడా ఒకరకం తీపే అనిపించింది,
పంటి కింద నాలుకలా.

నాలుగో రోజు వంగగానే
"ఇవాళ ఆలస్యం" అంది, నా చెప్పులు విని.
పదేసి చొప్పున తొమ్మిది దొంతులు, ఆపైన అయిదు.
వాటి మీద మడత నోటు.
"ఇది నీ దగ్గర జారిపడింది.
నీ బండి హారన్ రోజూ వినపడుతోంది,
నువ్వే రావడం లేదు."

రెండు నోట్లు తీశాను. వేళ్ళు వణికాయి.
రెండూ తీసుకుంది.
రెండింటినీ తడిమింది, అంచు నుంచి అంచుదాకా, తొందరేమీ లేకుండా,
హారన్ మోగుతున్నా,
నా చెవులు కాలుతున్నా.
"టేపు సరిగా అంటించలేదు ఎవరో" అంది,
అంతే.

చిల్లర పని అంటే ఏమిటో
చిల్లర మోసే నాకు
అప్పటిదాకా తెలియదు.

ఆ నోటు ఇంకా నా సంచీ లోపలి అరలో ఉంది.
ఎవరికీ చెల్లదు. నేనూ ఎవరికీ ఇవ్వను.

నిన్న సిగ్నల్ దగ్గర ఒక పిల్లవాడు
కిటికీ అద్దం మీద వేలిముడులతో కొట్టాడు, రెండుసార్లు, మెల్లగా,
ఇంటి తలుపు కొట్టినట్టు.
లోపల పన్నెండుమందీ పైకి చూశారు.
"నా బదులు..."
ఆ మాట నా నోటిదాకా వచ్చింది.
సంచీ గలగలమంది.

ఒకటి తీసి ఇచ్చాను.
దానమని చెప్పుకోను.
ఇవాళో రేపో
దాన్ని నేనే మళ్ళీ కొనుక్కుంటాను.